కాలేజీ గేటు దగ్గర రెండు హారన్లు

నా కోపం ముక్కు మీదే ఉంటుందని మా అమ్మ అంటుంది. లా చదవడం మొదలుపెట్టాక అది ముక్కు మీద నుంచి నాలుక మీదకు దిగిందని నాన్న అంటాడు. ఇద్దరి మాటా నిజమే. కాని తప్పు నాది కాదు. పొద్దున లేస్తే బస్సులో నిలబడి వెళ్ళాలి. వెళితే క్లాసులో కుర్చీ ఉండదు. కుర్చీ దొరికిన రోజు లెక్చరర్ రాడు. వచ్చిన రోజు, మేము కిందటేడు బట్టీ పట్టిన సెక్షన్ల నంబర్లన్నీ మారిపోయాయనీ, కొత్త పుస్తకం చూసుకోమనీ చెప్పి వెళ్ళిపోతాడు. లైబ్రరీలో ఆ కొత్త పుస్తకం ఒక్కటే ఉంది. అది ఎప్పుడూ ఎవరో ఒకరి ముందు తెరిచి ఉంటుంది. ఆ ఎవరో ఒకరు ఎప్పుడూ దాని మీద తల పెట్టుకుని నిద్రపోతూ ఉంటారు.

ఇంటికి వస్తే బంధువులు. డాక్టరు చదివే పిల్ల ఉన్న ఇంటికి జబ్బులు, లా చదివే పిల్ల ఉన్న ఇంటికి తగాదాలు వెతుక్కుంటూ వస్తాయి. మా పెద్దమ్మ ఫోన్ చేసిందంటే కుశల ప్రశ్నలు ఒక్క నిమిషం, పై వాటా వాళ్ళ ఏసీ నీళ్ళు తన కిటికీ మీద పడటం గురించి మిగతాదంతా. "కేసు వెయ్యొచ్చా, వెయ్యకూడదా? ఒక్క ముక్కలో చెప్పవే" అంటుంది. చట్టంలో ఒక్క ముక్కలో చెప్పగలిగింది ఏదీ లేదని నాకు మొదటి ఏడాదే తెలిసిపోయింది. ఆ మాట అంటే "మరి ఇన్నేళ్ళూ ఏం చదివినట్టు?" అంటుంది. "బకెట్టు పెట్టుకో పెద్దమ్మా" అన్నాను ఒకసారి. ఆ తర్వాత చాలా రోజులు ఫోన్ రాలేదు. నాకు హాయిగా ఉంది, అమ్మకే లేదు.

నాన్న సిటీ బస్సు డ్రైవరు. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ ఒకటే రూటు. ఆ రూటు మా కాలేజీ గేటు ముందు నుంచే పోతుంది. నేను అక్కడ చేరిన రోజు నుంచీ, బస్సు గేటు దగ్గరకు రాగానే నాన్న రెండుసార్లు పొట్టిగా హారన్ కొడతాడు. అంతే, పలకరింపు. నేను ఏ గదిలో ఉన్నా వినబడుతుంది. మా క్లాసులో ప్రతిదానికీ లేచి అభ్యంతరం చెప్పే మహానుభావుడు ఒకడున్నాడు. వాడి అసలు పేరు లెక్చరర్లు కూడా మరిచిపోయారు, అందరికీ వాడు అబ్జెక్షనే. హారన్ వినగానే వాడు "మీ నాన్నగారు హాజరయ్యారు, మైలార్డ్" అంటాడు. మొదట్లో నాకు సిగ్గేసేది. పోనుపోను, ట్రాఫిక్ వల్ల ఆ హారన్ ఎప్పుడైనా ఆలస్యమైతే పాఠం చెవికెక్కడం మానేసింది.

ఈ ఏడాది మాకు మాక్ ట్రయల్ పెట్టారు. ఉత్తుత్తి కేసు, ఉత్తుత్తి సాక్షులు, మార్కులు మాత్రం నిజమైనవి. కేసు ఏమిటంటే, ఒక లారీ సైకిల్ మీద పోతున్న మనిషిని గుద్దింది. లారీ ఎర్రలైటు దాటుకుని రావడం కళ్ళారా చూశానని రోడ్డు పక్కన నిలబడ్డ ఒక సాక్షి అంటాడు. నేను లారీ డ్రైవరు తరఫు వకీలును. ఆ సాక్షికి అసలేమీ కనబడలేదని తేల్చడం నా పని. అవతలి పక్క వకీలు అబ్జెక్షన్. ఇంక చెప్పేదేముంది!

సాక్షిని ఎదురు ప్రశ్నలతో పట్టుకోవడం మాకు నేర్పే మేడమ్ చాలాకాలం కోర్టుల్లో వాదించి వచ్చిన మనిషి. నవ్వదు, పొగడదు. "క్రాస్ అంటే అరవడం కాదు. దూరం అడగండి, వెలుతురు అడగండి, కళ్ళజోడు అడగండి, అడ్డం ఏముందో అడగండి. కూర్చోండి. సాక్షి చుట్టూ గిరగిరా తిరగకండి, ఇది సినిమా కాదు. జవాబు మీకు ముందే తెలియని ప్రశ్న చచ్చినా అడక్కండి" అని చెప్పింది. నేను ఆ ఆఖరి మాటను పుస్తకం అట్ట లోపల రాసుకున్నాను.

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు కదా అని, ఆదివారం పొద్దున నాన్నను పట్టుకున్నాను. వంటింటి గుమ్మం పక్కన చేతుల కుర్చీ వేసి అదే సాక్షి బోను అన్నాను. కత్తిపీట ముందు కూర్చుని వంకాయలు తరుగుతున్న అమ్మ జడ్జి.

"ఈ కోర్టు తొందరగా తేల్చాలి. పొయ్యి మీద పప్పుంది" అంది జడ్జి.

"ప్రమాద సమయంలో మీరు ఎక్కడ నిలబడ్డారు?" అని అడిగాను నాన్నను. కోర్టు కాబట్టి మీరు అన్నాను.

"టీ కొట్టు దగ్గరండి. ఆ కొట్టాయన బంగారంలాంటి మనిషి. వాళ్ళ తమ్ముడు మా డిపోలోనే మెకానిక్కు, మొన్నామధ్య వాడికి..."

"నాన్నా! సాక్షి అడిగినదానికే జవాబు చెప్పాలి. అవునంటే అవును, కాదంటే కాదు. ఊరి కబుర్లు చెప్పకూడదు."

"మరి ఇందాక మొత్తం నిజం చెప్పమని ప్రమాణం చేయించావుగా?"

"మొత్తం అంటే, అడిగినంత వరకు మొత్తం."

"బాగుందే మీ చట్టం. అడగనివాడిదే తప్పన్నమాట" అని నాన్న అమ్మ వైపు చూసి నవ్వాడు.

దూరం అడిగాను, వెలుతురు అడిగాను. నాన్న మహా ఉషారుగా ఉన్నాడు, ప్రతి జవాబుకూ ముందు ఒకసారి దగ్గి గొంతు సవరించుకుంటున్నాడు. కేసు కాగితాల ప్రకారం సాక్షి ఎదురుగా చూస్తున్నాడు, లారీ పక్క నుంచి వచ్చింది. అందుకని పక్కచూపు ఎంతవరకు ఆనుతుందో అడిగితే బాగుంటుందని నాకు తోచింది. మేడమ్ వద్దన్నా సరే, కుర్చీ చుట్టూ తిరిగి నాన్నకు ఎడమ పక్కకు వెళ్ళాను. అమ్మ దగ్గర నుంచి గరిటె లాక్కున్నాను.

"సాక్షిగారూ, తల తిప్పకుండా ఎదురుగా గోడ గడియారమే చూస్తూ చెప్పండి. నా చేతిలో ఏముంది?"

"ఏ చేతిలో?"

"పైకెత్తి పట్టుకున్న చేతిలో."

"అసలు నువ్వెక్కడున్నావ్?"

అమ్మ పడీపడీ నవ్వింది. "అబ్బ, భలే చేస్తున్నారండీ! మీరు డ్రైవరు ఎందుకయ్యారో, వేషాలు వేసుకోక!"

నేనూ నవ్వాను. గరిటెను కాస్త ముందుకు జరిపాను. "ఇప్పుడు కనబడిందా?" అన్నాను. లేదు అన్నాడు. ఇంకాస్త జరిపాను. లేదు అన్నాడు. గరిటె దాదాపు ఆయన ముక్కుకు ఎదురుగా వచ్చాక "ఆఁ, గరిటె" అన్నాడు.

నాన్నకు నటించడం రాదు. చిన్నప్పుడు దాగుడుమూతలు ఆడితే దాక్కున్నచోటే నవ్వేసేవాడు. ఇప్పుడు నవ్వడం లేదు. గడియారం వైపే చూస్తూ కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుని ఉన్నాడు.

"చాలు చాలు, సాక్షికి ఆకలేస్తోంది" అని లేచాడు. లేవడంలో ఎడమ పక్కనున్న స్టూలుకు కాలు తగిలి, దాని మీది టీ గ్లాసు దొర్లి కిందపడి పగిలింది.

"మళ్ళీనా? ఇంట్లో గ్లాసులన్నీ పూర్తయ్యేదాకా నిద్రపోరా మీరు?" అంది అమ్మ.

తర్వాతి రోజుల్లో నాకు చదువు సాగలేదు. కళ్ళారా చూసిన సాక్షి లేనప్పుడు చిన్న చిన్న సంగతులు కలిపి గొలుసు కట్టాలని మాకు చెబుతారు. విడివిడిగా చూస్తే ఏ ఒక్కటీ లెక్కలోకి రాదు. నాన్న ఎడమ భుజం చొక్కా ఎప్పుడూ సున్నం అంటుకుని ఉంటుంది. తలుపు రెక్క తగిలి మోచేయి కమిలితే "ఈ ఇల్లు రోజురోజుకీ ఇరుకైపోతోంది" అంటాడు. భోజనాల దగ్గర మంచినీళ్ళ గ్లాసు కుడిపక్క పెట్టమంటాడు. టీవీ చూసేటప్పుడు గోడ వారగా, ఎడమ పక్క ఎవరూ కూర్చోవడానికి వీల్లేని చోట కూర్చుంటాడు. ఇన్నాళ్ళూ ఇవన్నీ మా నాన్న తరహా అనుకున్నాం. అమ్మ పరధ్యానం అంది, నేను పెద్దతనం అన్నాను.

ఇలాంటి గొలుసు ఒకటి నేను మనసులో కడుతున్నానని అమ్మకు తెలియదు. కడుతున్న కొద్దీ నా మీద నాకే అసహ్యం వేసింది. కన్నతండ్రి మీద కేసు తయారుచేసే కూతురు ఎక్కడైనా ఉంటుందా? పోనీ వదిలేద్దామంటే, ఆ బస్సులో రోజూ ఎక్కేవాళ్ళు గుర్తొచ్చారు. సగం మంది మా కాలేజీ వాళ్ళే. నాకు భయం వేసింది. భయం వేస్తే నాకు కోపం వస్తుంది. ఆ వారమంతా అబ్జెక్షన్‌ను ఊరికే తిట్టాను. వాడు దానికీ అభ్యంతరం చెప్పాడు.

శనివారం క్లాసు ఎగ్గొట్టాను. మా ఇంటికి దూరంగా ఉన్న స్టాపులో నిలబడి, నాన్న బస్సు రాగానే జనంతో పాటు వెనక తలుపు నుంచి ఎక్కాను. మెల్లగా ముందుకు నడిచి, డ్రైవరు సీటుకు సరిగ్గా అవతల, ఎడమ పక్క మొదటి సీటులో కూర్చున్నాను. చెయ్యి చాపితే గేరు రాడ్డు అందుతుందేమో, అంత దగ్గర. నన్ను చూసి "క్లాసు లేదా?" అని నాన్న తిడితే బాగుండునని ఎంతగానో కోరుకున్నాను. నాన్న చూడలేదు.

చూసింది కండక్టరు. నాన్నకు తమ్ముడిలాంటివాడు, నేను బాబాయ్ అని పిలుస్తాను. టిక్కెట్లు కొడుతూ వచ్చి నన్ను చూసి తేలు కుట్టిన దొంగలా నిలబడిపోయాడు. నేను నోటి మీద వేలు పెట్టుకున్నాను. ఆయన తల ఊపి ముందు తలుపు దగ్గరకు వెళ్ళి అక్కడే నిలబడ్డాడు. మామూలుగా కండక్టర్లు బస్సంతా తిరుగుతారు. ఈయన స్టాపు వచ్చినప్పుడు గబగబా టిక్కెట్లు కొట్టి మళ్ళీ ముందుకు వచ్చేస్తున్నాడు. అక్కడ నిలబడి వేళ్ళతో తలుపు పక్క రేకు మీద కొడుతున్నాడు. ఎడమ పక్క సైకిల్ వస్తే ఒక దెబ్బ, బస్సు కాస్త కుడికి జరిగేది. మనిషి దిగబోతే రెండు దెబ్బలు, బస్సు నెమ్మదించేది. ఎవరైనా చూస్తే పాటకు తాళం వేస్తున్నాడనుకుంటారు. నేనూ చాలాసార్లు అలాగే అనుకున్నాను.

కాలేజీ గేటు వచ్చింది. నాన్న వీపు నిటారుగా అయింది. రోడ్డుకు కుడి పక్కనున్న గేటు వైపు తలంతా తిప్పి చూశాడు, మొహం నిండా నవ్వు. హారన్ కొట్టాడు. రెండుసార్లు, పొట్టిగా. ఆ హారన్ నా కోసం. నేనేమో ఆయనకు బారెడు దూరంలో కూర్చుని ఉన్నాను. తల మళ్ళీ ఎదురుకు తిప్పుకుని, చిన్నగా ఏదో కూనిరాగం తీస్తూ బస్సు నడుపుకుంటూ పోయాడు.

నాకు ఏడుపు ఆగలేదు. పుస్తకాల సంచీలో మొహం పెట్టుకున్నాను.

ఆ పై మలుపులోనే ఒక పెద్దాయనకు టిక్కెట్టు కొట్టడానికి బాబాయ్ రెండడుగులు వెనక్కి వెళ్ళాడు. చెవుల్లో ఇయర్‌ఫోన్స్ పెట్టుకున్న ఒకబ్బాయి, నా ఈడువాడే, ఎడమ పక్క ఫుట్‌పాత్ మీద నుంచి రోడ్డు మీదకు దిగాడు. నేను చూశాను. నాన్న చూడలేదు. నా నోరు పెగల్లేదు. బాబాయ్ ఒక్క ఉదుటున వచ్చి అరచేత్తో రేకును ఫెడేలుమని కొట్టాడు. బ్రేకు పడింది. నిలబడ్డవాళ్ళంతా ఒకరి మీద ఒకరు పడ్డారు. "మనుషులనుకున్నావా, బస్తాలనుకున్నావా?" అని ఎవరో అరిచారు. ఆ అబ్బాయి బస్సు బంపరుకు చెయ్యి ఆనించి, ఇయర్‌ఫోన్స్ ఊడదీసి, ఏం జరిగిందో తెలియక మా వైపు చూస్తున్నాడు. నాన్న రెండు చేతులతో స్టీరింగు పట్టుకుని కదలకుండా కూర్చున్నాడు. ఆయన మెడ మీద చెమట కనబడుతోంది.

ఆఖరి స్టాపులో నాన్న దిగి టీ తాగడానికి వెళ్ళాక, బస్సు వెనక బాబాయిని నిలదీశాను.

"ఎప్పటి నుంచి?"

"కిందటి వానాకాలం నుంచి అమ్మా. ఎవరికీ చెప్పనని ఒట్టు వేయించుకున్నాడు. నేనున్నాను కదా, నేను చూసుకుంటాలే అనుకున్నా."

"ఇందాక చూసుకున్నారుగా!"

ఆయన తల దించుకున్నాడు. ఆ మాట అన్నందుకు నాకు బాధ వేసింది కాని వెనక్కి తీసుకోలేదు.

"ఇంకో మాట. మీ నాన్నకి నిన్నే చెప్పాను. సోమవారం నుంచి నన్ను వేరే రూటుకి వేశారు. కొత్తగా వచ్చేవాడికి ఈ సంగతేమీ తెలీదు. 'ఇక మానెయ్, అన్నా' అని కాళ్ళావేళ్ళా పడ్డాను. నాకు దారంతా కంఠతా వచ్చు, నువ్వు లేకపోయినా నడుపుతానన్నాడు."

దారి కంఠతా రావచ్చు. దారికి అడ్డం వచ్చే మనుషులు కంఠతా రారు కదా.

అక్కడి నుంచి నేరుగా కాలేజీకి వెళ్ళి మేడమ్ గది ముందు నిలబడ్డాను. ఏం అడగాలో తెలియక, "మేడమ్, సాక్షి మనకు బాగా కావలసినవాడు అయితే క్రాస్ ఎలా చెయ్యాలి?" అన్నాను. ఆమె కళ్ళజోడు తీసి నన్ను కాసేపు చూసింది. ఏమైందని అడగలేదు.

"అయినవాళ్ళని క్రాస్ చెయ్యకూడదమ్మా. నేను ఇంట్లో చేశాను. ప్రతి కేసూ గెలిచాను. ఇప్పుడు ఇంట్లో ఒక్కదాన్నే ఉంటున్నాను" అని మళ్ళీ కళ్ళజోడు పెట్టుకుంది. ఆమె గురించి అంతకు మించి మాకెవరికీ తెలియదు. ఆ తర్వాత కూడా తెలియలేదు.

ఆదివారం సాయంత్రం నేను ఏ మాట ఎత్తకముందే నాన్నే కుర్చీ లాక్కుని వచ్చాడు. "రేపే కదే నీ ట్రయలు! రా, సాక్షి రెడీ" అన్నాడు. ఈసారి కుర్చీని ఎడమ పక్క గోడకు ఆనించి వేసుకున్నాడు. నేను చూడనట్టే ఊరుకున్నాను. అమ్మ మంచం మీద బట్టలు మడతపెడుతోంది.

నా చేతిలో ప్రశ్నల కాగితం ఉంది. దాన్ని మడిచి పక్కన పెట్టి, నాన్నకు ఎదురుగా, ఆయనకు కనబడేచోట, నేల మీద కూర్చున్నాను.

"నాన్నా, నిన్న మా కాలేజీ గేటు దగ్గర హారన్ కొట్టావా?"

"ఇది కేసులో లేదే!"

"అడిగినదానికే చెప్పు."

"కొట్టాను. రోజూ కొడతాగా."

"ఎవరి కోసం?"

"ఎవరి కోసమేంటి? నీ కోసం."

"అప్పుడు నేనెక్కడున్నాను?"

"లోపల. క్లాసులో."

మేడమ్ సూత్రం ప్రకారం చూస్తే నేను అడిగినవన్నీ జవాబు తెలిసిన ప్రశ్నలే. ఆ తర్వాత ఏం జరుగుతుందో మాత్రం నాకు తెలియదు.

"లోపల లేను నాన్నా. నీ బస్సులో ఉన్నాను. నీ పక్క సీటులో. ఎక్కిన దగ్గర్నుంచి ఆఖరి స్టాపు దాకా అక్కడే కూర్చున్నాను."

నాన్న నవ్వబోయాడు. ఆ నవ్వు సగంలో ఆగిపోయింది. ఎడమ చెయ్యి తనంతట తానే పక్కకు చాపాడు. గోడ తగిలింది. అమ్మ చేతిలో మడుస్తున్న దుప్పటి అలాగే ఉంది.

"అంటే... ఆ కుర్రాడు అడ్డం వచ్చినప్పుడూ...?"

"ఉన్నాను."

తర్వాత నాన్న నేల చూపులు చూస్తూ చెప్పడం మొదలుపెట్టాడు. ఎవరికీ తెలియకుండా కళ్ళ డాక్టరు దగ్గరకు వెళ్ళాడట. పోయిన చూపు రాదు, ఉన్నది కాపాడుకోమని చుక్కల మందు ఇచ్చాడట. "ఎదురుగా చీమ కూడా కనబడుతుందే. ఏటా పరీక్షలో ఎదురుగా అక్షరాలు పెట్టి చదవమంటారు, గడగడా చదివేస్తాను. పక్కనేం కనబడుతోందని ఎవరూ అడగలేదు. నేను చెప్పలేదు" అన్నాడు.

"నాకూ చెప్పలేదు మీరు. నేను గ్లాసుల కోసం తిట్టుకుంటూ కూర్చున్నాను" అంది అమ్మ. కోపంగానే అంది. దుప్పటితో మొహం తుడుచుకుంది.

"ఇంకొక్క ఏడాది లాగిద్దామనుకున్నా. నీ చదువు అయ్యేదాకా..."

"నా మీద పెట్టకు నాన్నా!" అని అరిచాను. "ఆ అబ్బాయికి ఏమన్నా అయ్యుంటే, నా చదువు కోసం అయిందని వాళ్ళమ్మకి చెప్పేవాడివా? నీకు బస్సంటే ఇష్టం, దిగాలంటే భయం. అది చెప్పు. నేను ఒప్పుకుంటాను. నా పేరు మాత్రం చెప్పకు."

నాన్న తల ఎత్తి నన్ను చూశాడు. ఆయన కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"భయమేనే. దిగితే ఇక నేనేంటో నాకు తెలీదు" అన్నాడు. "రేపు డిపోలో నువ్వు చెప్తావా?" అని అడిగాడు.

"నువ్వు చెప్పకపోతే చెప్తాను."

"రేపు నువ్వు ట్రయల్లో వాదించేది డ్రైవరు తరఫే కదూ?"

"అవును."

"మరి ఇవాళ?"

"ఇవాళ కూడా డ్రైవరు తరఫే, నాన్నా."

ఆయన భోజనం చేయకుండా వెళ్ళి పడుకున్నాడు. మా ఇంట్లో కోపం వస్తే అన్నం మీద అలగడం నా పని, నాన్నది కాదు. నేను ఆ రాత్రి సుష్టుగా తిన్నానని చెబితే అబద్ధమవుతుంది.

పొద్దున నేను నల్లకోటు వేసుకుని గదిలో నుంచి వచ్చేసరికి, నాన్న ఇస్త్రీ చేసిన ఖాకీ బట్టల్లో గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటున్నాడు. ఆ బట్టల్లో ఆయన ఎక్కడికి బయలుదేరాడో నాకు అర్థం కాలేదు. అడగాలంటే భయం వేసింది.

"నీ ట్రయలు ఎప్పుడు?" అన్నాడు వంగి ఉండే.

"మధ్యాహ్నం."

"అయితే ముందు నాతో డిపోకి రా. నేను మొదలుపెడితే మాట ఎటో పోతుంది. టీ కొట్టు, వాళ్ళ తమ్ముడు, వాడి పెళ్ళి... అడిగినదానికే చెప్పు నాన్నా అనడానికి నువ్వు పక్కనుండాలి."

అమ్మ టిఫిన్ డబ్బా ఇద్దరికీ కలిపి ఒక్కటే ఇచ్చింది. దారిలో నేను ఆయనకు ఎడమ పక్కకు మారి నడిచాను.

డిపో మేనేజరు ముందు నాన్న మాట ఎటూ పోలేదు. "సార్, నాకు ఎడమ పక్క చూపు పోయింది. ఎదురుగా మాత్రమే కనబడుతుంది. కొన్నాళ్ళుగా దాచాను. మొన్న ఒక పిల్లాడి మీదకి పోనిచ్చేవాణ్ణి. ఇవాళ బస్సు తియ్యను" అన్నాడు. అడగకుండానే, మొత్తం చెప్పేశాడు. నేను నోరు విప్పాల్సిన అవసరమే రాలేదు. మేనేజరు నాన్నను కాక నా నల్లకోటును చూసి కంగారుపడ్డాడు. "లాయరుని కూడా తెచ్చావేంటయ్యా?" అన్నాడు.

"లాయరు కాదండి, మా అమ్మాయి" అన్నాడు నాన్న.

దాచినందుకు విచారణ ఉంటుందన్నారు. డాక్టర్ల బోర్డు చూడాలన్నారు. డిపోలోనే ఏదైనా పని ఇస్తారో, ఇంటికే పంపిస్తారో తర్వాత తేలుతుందన్నారు. నేను సంచీలో నుంచి కాగితం తీసి అన్నీ రాసుకున్నాను. నాన్న తన బస్సు తాళాలు బల్ల మీద పెట్టాడు. పెట్టాక ఒకసారి జేబు తడుముకున్నాడు.

కాలేజీకి ఆ రూటు బస్సులోనే వెళ్ళాం. వేరే డ్రైవరు, కొత్త కండక్టరు. నేను మొన్న కూర్చున్న సీటు ఖాళీగా ఉంది. నాన్నను కిటికీ వైపు కూర్చోబెట్టి నేను పక్కన కూర్చున్నాను. ఆ సీటు నుంచి ఆయన ఆ దారిని ఎప్పుడూ చూడలేదట. చెట్ల వెనక ఉన్న మేడలు, కొట్ల బోర్డులు తలంతా తిప్పి చూస్తూ, "ఇక్కడ చెప్పుల కొట్టు ఉందే!" అన్నాడు. "ఎన్నేళ్ళ నుంచో ఉంది నాన్నా" అన్నాను.

మలుపు తిరగగానే ఆయన మాట ఆపేశాడు. వీపు నిటారుగా అయింది. కాలేజీ గేటు దగ్గరపడుతోంది. ఆయన కుడిచెయ్యి లేచి, మా ముందున్న ఇనుప కడ్డీ మీద రెండుసార్లు నొక్కింది. పొట్టిగా, ఒకదాని వెంట ఒకటి. కొత్త డ్రైవరుకు ఆ సంగతి తెలియదు. బస్సు ఏ చప్పుడూ చేయకుండా స్టాపులో ఆగింది.

నాన్న తన చేతిని చూసుకున్నాడు. తర్వాత దాన్ని ఒళ్ళో పెట్టుకున్నాడు. నేను దిగడానికి లేచి, ఆయనకు ఎదురుగా వచ్చి నిలబడ్డాను.

"వినబడింది నాన్నా" అన్నాను.